లెఫ్ట్ కార్నర్ చెయ్యి

పొద్దుగాల వాకింగ్‌కు పోయినప్పుడు గ్రౌండ్ గోడ కాడ నిలబడి మీ ఆట చూస్తుంట. మీకు రబ్బరు మ్యాట్లు, బూట్లు, మోకాళ్ళకు పట్టీలు. మంచిదే. మాకు మట్టి, ఆ మట్టిల గాజు పెంకలు. మొన్న మీల ఒకడు అడిగిండు, "తాతా, నువ్వు మేనేజర్‌గ ఉన్నప్పుడు గెలిచిన పెద్ద మ్యాచ్ గురించి రాసియ్యి, మా క్లబ్బు పుస్తకంల ఏస్తం" అని. గెలిచినయి అందరు రాస్తరు. నేను ఓడిన దాని గురించి రాస్తాన్న. ఇష్టమైతే ఎయ్యిండ్రి, లేకుంటే పొట్లాలు కట్టుకోండ్రి. పేర్లు మాత్రం రాయ. ఆ జట్టుల బతికున్నోళ్ళు ఉన్నరు, వాళ్ళకు మనుమలు మనుమరాళ్ళున్నరు.

డెబ్బైల చివరి సంగతి ఇది. నేను వరంగల్‌ల ఒక డిపార్ట్‌మెంటుల స్టోర్స్ గుమాస్తాను. వయసుల ఉన్నప్పుడు నేను సుత ఆడిన. మోకాలు పోయినంక ఆఫీసు కబడ్డీ జట్టుకు మేనేజర్‌ను చేసిన్రు. మేనేజర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. నిమ్మకాయలు కోసుడు, గ్లూకోజు కలుపుడు, ఎవని గోర్లు పెరిగినయో చూసుడు, మ్యాచ్ అయినంక రిపోర్టు రాసుడు. గా రిపోర్టే అన్నిటికంటే పెద్దది. ఎందుకో ముందట చెప్తా.

మా జట్టుల లెఫ్ట్ కార్నర్ ఒకడుండె. రఘునాథపల్లి దిక్కు పల్లెల వ్యవసాయం చేసుకునే ఇంటి పిలగాడు. ఇరువై ఆరేండ్లు ఉంటయి అప్పటికి. సన్నగ, ఎత్తుగ, ఎక్కువ మాట్లాడడు. కాని అవతలోడు కూతకొచ్చి కాలు ఒక్క జానెడు లోపలికి పెట్టిండంటే, మడిమె పోయి వీని చేతుల పడేది. ఎప్పుడు కూసున్నడో, ఎప్పుడు పట్టిండో, మనకు కనబడకపోయేది. స్టోర్స్‌ల నా కిందనే హెల్పర్‌గ పనిచేస్తుండె. ఆట మీదనే దొరికిన కొలువు, అదీ టెంపరరీ. జట్టుల ఉన్నన్ని దినాలే నౌకరీ. ఏడాదికోపాలి నేను సంతకం పెట్టి కాయితం పంపాలె, "ఈయన మంచిగ ఆడుతాండు, క్రమశిక్షణ కలోడు" అని. ఆ కాయితం పోకపోతే బిస్తరు కట్టుకొని ఊరికి పోవుడే.

ఈయన పక్కన ఇన్‌ల నిలబడేటోడు మా డిపార్ట్‌మెంటు డ్రైవర్. కొత్తవాడల దరీలు నేసే ఇంటోడు. మీకు తెల్సు కదా, కార్నర్, ఇన్ ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకొని నిలబడాలె. కార్నరోడు మడిమె పట్టంగనే ఇన్నోడు మీద పడి నడుము పట్టాలె, పట్టిన చెయ్యి గుంజి దగ్గరికి తేవాలె. ఒక్కడు పడితే అది పట్టు కాదు, ఈడ్చుకపోవుడు. వీళ్ళిద్దరు ఆరేండ్లు గట్ల చెయ్యి పట్టుకొని ఆడిన్రు. ఏలు నొక్కితే చాలు, ఒకని మనసుల మాట ఇంకొకనికి తెలిసేది. "బావా" అంటే "బావా" అని పిలుసుకునేటోళ్ళు. ఒక్క టిఫిన్ల తినేటోళ్ళు. వాళ్ళను చూసి నేను కుళ్ళుకున్న దినాలు సుత ఉన్నయి, నిజం చెప్పాలంటే. నాకసుంటి దోస్తు లేకుండె.

ఆ బావ అనే పిలుపు నిజం చేద్దామనుకున్నడు మా ఇన్. వానికి పెండ్లీడు చెల్లె ఉండె. ఒకనాడు ప్రాక్టీస్ అయినంక ఛాయ్ తాగుకుంట అడిగిండట, "నా చెల్లెను చేసుకో బావా, కట్నం గిట్నం నువ్వెట్లంటే గట్లనే" అని. కులాలు ఒక్కటి కావు, అయినా అడిగిండు. అంత పాణం వీడంటే. వీడు రెండు దినాలు తప్పిచ్చుకొని తిరిగిండు. మూడోనాడు గ్రౌండ్ ఎనుక కూసోపెట్టి నిజం చెప్పిండు. తనకు ఆడోళ్ళ మీదికి మనసు పోదని, చిన్నప్పటి సంది మగోళ్ళ మీదనే పోతదని, మార్చుకుందామని మస్తు కోషిష్ చేసినా అది మారేది కాదని. "నీ చెల్లె గొంతు కోయలేను బావా" అన్నడట.

ఇప్పుడు మీరు గే అంటరు. పేపర్ల రాస్తరు, టీవీల మాట్లాడుతరు. అప్పుడు మా దగ్గర దానికి ఒక్క మర్యాదైన మాట లేకుండె. ఉన్నయన్ని తిట్లే. మా జట్టుల దినాం వందసార్లు వాడేటోళ్ళం ఆ తిట్లు. ఎవడన్న పట్టు ఇడిస్తే అదే తిట్టు, కూతల ఎనుకకొస్తే అదే తిట్టు. నేను సుత తిట్టేటోణ్ణి, అందరికన్నా గట్టిగ. ఆరేండ్లు వాడు అవన్ని ఇనుకుంట మా నడుమనే ఆడిండు. గది నాకు తర్వాత ఎప్పుడో తట్టింది.

మా ఇన్ ఏం చేసిండు? ఆ నిజం కడుపుల దాసుకోలే. కోపంతోటి వచ్చి నాకు చెప్పిండు, నాకన్న ముందు కెప్టెన్‌కు చెప్పిండు. కెప్టెన్‌కు చెప్తే ఇగ మైకుల చెప్పినట్టే. మర్నాడు పొద్దుగాల ప్రాక్టీస్‌కు వస్తే ఒక్కడు సుత వాని దిక్కు చూస్తలేడు. బట్టలు మార్చుకునేకాడ అందరు గోడకు ఆ దిక్కు పోయిన్రు. నేను ఏడుగురిని నిలబెట్టి సీటీ ఊదిన. మా లెఫ్ట్ కార్నర్ ఎప్పటి లెక్కనే చెయ్యి పక్కకు సాపిండు. ఇన్ రెండు చేతులు నడుము మీద పెట్టుకొని ఎటో చూస్తాండు.

"ఏందిరా?" అన్న.

"చెయ్యి నొస్తాంది అన్నా" అన్నడు ఇన్.

ఎనుక నుంచి ఎవడో కిసుక్కున నవ్విండు. మా కార్నర్ మొఖం తెల్లగ పోయింది. సాపిన చెయ్యి మెల్లగ ఎనుకకు తీసుకొని, నిక్కరుకు తుడుసుకున్నడు. తుడుసుకునేటందుకు అక్కడ ఏం లేకుండె.

నేనేం గొప్పోణ్ణి కాదు, ముందుగాలనే చెప్తాన్న. వీని పిక్కలు పట్టుకపోతే నేనే నూనె రాసి రుద్దిన దినాలు యాదికొచ్చినయి. ఛీ, అనుకున్న. మళ్ళ, ఎందుకు ఛీ అనుకుంటాన్న, వాడు నన్నేం జేసిండు, అని సుత అనుకున్న. ఈ రెండు నడుమ నాలుగైదు దినాలు సతమతమయిన. ఇగ కెప్టెన్ రోజూ నా టేబుల్ కాడికొచ్చి ఒకటే పోరు, "వాణ్ణి తీసెయ్యే అన్నా, పోరలు వానితోని ఆడరట." తీసేస్తే వాని కొలువు పాయె. టోర్నమెంటు పది దినాలల్ల ఉంది, అదీ మన వరంగల్‌లనే. వాడేమో స్టోర్స్‌ల నా ముందటనే బోల్టులు లెక్కపెట్టుకుంట, తల ఎత్తకుండ పనిచేస్తాండు. ఒక్కసారన్న "అన్నా, ఏం చేస్తవు నన్ను?" అని అడగలే. అడిగితే నా మనసు బరువు జర దిగేది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఎంత తెలివైనోణ్ణి అనుకున్ననో! సెంటర్‌ల నిలబడేటోడు ఎవ్వని చెయ్యి పట్టుకోడు. ఒంటరిగ నిలబడి, అటో ఇటో ఉరికి సాయం పడుతడు. కెప్టెన్‌ను సెంటర్ నుంచి కవర్‌కు జరిపి, మా కార్నర్‌ను సెంటర్‌ల ఏసిన. లెఫ్ట్ కార్నర్‌ల రికార్డు రూం అటెండర్‌ను నిలబెట్టిన. వాడు చెయ్యి పట్టుకొనుడు తప్ప ఇంకేం రానోడు. వీళ్ళ పంతం వీళ్ళకు దక్కె, వాని కొలువు వానికి దక్కె, నా జట్టు నాకు దక్కె. ఎవ్వరికీ కష్టం లేకుండ చేసిన అని ఇంటికి పోయి మా ఆమెకు సుత చెప్పుకున్న. ఆమె, "మరి ఆ పిలగాడు ఏమన్నడు?" అని అడిగింది. "ఏమంటడు, సరే అన్నా అన్నడు" అన్న. నిజంగనే గంతే అన్నడు.

టోర్నమెంటుల మొదటి రెండు మ్యాచులు ఎట్లనో గెలిచినం. అవతలోళ్ళు అంతంత మాత్రమే. ఫైనల్ నాడు పొద్దుగాలనే జనం. మా ఆఫీసోళ్ళు, వాళ్ళ ఇంటోళ్ళు, పల్లీలు అమ్మేటోళ్ళు, అందరు గీతల దాక వచ్చి కూసున్నరు. అవతలి జిల్లా జట్టుల కూతకొచ్చేటోడు ఒకడు గట్టోడుండె, మెడకాయ లేదు వానికి. రెండు కూతలల్లనే కనిపెట్టిండు మా లెఫ్ట్ కార్నర్ గుల్ల అని. ఇగ ఒకటే తీరు అక్కడికే వచ్చుడు, అటెండర్‌ను ముట్టుడు, పోవుడు. మా పాత కార్నర్ సెంటర్‌ల నుంచి ఉరికొచ్చేలోపల వాడు గీత దాటి నవ్వుతాండు. ఇంటర్వెల్‌కు ఎనిమిది పాయింట్లు ఎనుకబడ్డం. నిమ్మకాయ చెక్కలు పంచుకుంట నేను అందరిని తిట్టిన. ఎవ్వనికి తగలవలసిన తిట్టు వానికి తప్ప అందరికి తగిలింది.

రెండో హాఫ్ మొదలైంది. సీటీ ఊదంగనే మా పాత కార్నర్ సెంటర్ల నిలబడలే. నన్ను అడగలే, కెప్టెన్‌ను అడగలే. నడుసుకుంట పోయి లెఫ్ట్ కార్నర్‌ల నిలబడి, అటెండర్ భుజం మీద తట్టి, "నువ్వు సెంటర్‌కు పో తమ్మీ" అన్నడు. కెప్టెన్ నా దిక్కు చూసి ఒర్రుతాండు. నేను ఒర్రలే, ఏం జేయలే. చూసుకుంట నిలబడ్డ.

ఒంటరిగ ఆడిండు వాడు. ఇన్ రెండడుగుల దూరంల నిలబడ్డడు. వీడు చెయ్యి సాపలే ఈసారి. మడిమెలు పట్టిండు, ఈడ్చుకపోతే పోయిండు, మోకాళ్ళు చీరుకపోయినయి, మళ్ళ లేచి పట్టిండు. మా కెప్టెన్ కూతలు సుత కలిసొచ్చినయి. ఎనిమిది ఒకటయింది. ఆఖరి కూతకు మెడకాయ లేనోడు వచ్చిండు. వాణ్ణి పడితే సమానం, మళ్ళ ఆడిపిస్తరు. జనమంత లేచి నిలబడ్డరు.

వాడు లోపలికి కాలు పెట్టిండో లేదో మా కార్నర్ పట్టిండు. అసుంటి పట్టు నేను మళ్ళ చూడలే. రెండు చేతులతోటి మడిమె, గడ్డం మట్టికి ఆనిచ్చిండు. కూతోడు ముందటికి పడి, రెండు చేతులతోటి నేల గీరుకుంట నడిమి గీత దిక్కు పాకుతాండు. మీద పడాల్సింది ఇన్. ఒక్క అడుగు. వాడు అడుగేసిండు కూడ, నేను చూసిన. ఏసి ఆగిండు. ఆ ఇద్దరి మీద పడాలంటే వీణ్ణి ముట్టుకోవాలె కదా. కెప్టెన్ అవతలి నుంచి ఉరికొచ్చేలోపల కూతోని ఏలి కొసలు గీతను ముట్టినయి. సీటీ పడ్డది.

మా కార్నర్ కాలు ఇడిసిపెట్టి అట్లనే మట్టిల బోర్ల పండుకున్నడు. మొఖం కనబడలే. అవతలి కూతోడే వీని చెయ్యి పట్టి లేపిండు. "ఏం పట్టు పట్టినవే భాయ్" అని ఈపు తట్టిండు. మావోళ్ళు ఒక్కడు సుత అటు పోలే. నేను సుత.

మర్నాడు క్లబ్బు ప్రెసిడెంటు, అంటే మా పెద్ద ఆఫీసరు, రిపోర్టు అడిగిండు. ఓటమికి కారణం రాయుండ్రి అన్నడు. కెప్టెన్ నా టేబుల్ మీద మోచేతులు ఆనిచ్చి చెప్పిండు, "రాసుడేముందే, వాడు నీ మాట కాదని జాగ మారిండు. వందల మంది చూసిన్రు. క్రమశిక్షణ లేదని రాయి, పీడ పోతది." అబద్ధం కాదది. వాడు మారిండు, అందరు చూసిన్రు. అంత సాఫ్‌గ దొరికింది నాకు. రాసిన సుత. సగం రాసి, తల ఎత్తి చూస్తే, వాడు అవతల నిచ్చెన ఎక్కి ర్యాకు మీద పెట్టెలు సర్దుతాండు. మోకాళ్ళకు గుడ్డ కట్టుకున్నడు. ఎక్కుడు వస్తలేదు వానికి, ఒక్కొక్క మెట్టుకు ఆగుతాండు.

కాయితం చింపేసిన. ఇంకోటి తీసి రాసిన: జట్టుల అందరికన్నా మంచి కార్నర్‌ను కార్నర్‌ల నుంచి తీసింది మేనేజర్, తప్పు మేనేజర్‌ది, ఆటగాడు రెండో హాఫ్‌ల సొంత బుద్ధితోటి ఆ తప్పు దిద్దబట్టే ఒక్క పాయింటు దాక వచ్చినం. సంతకం పెట్టిన. వాని కొలువు కాయితం సుత అదే కవర్‌ల పెట్టి పంపిన. నాకు మెమో వచ్చింది, పర్సనల్ ఫైల్ల పడ్డది. కెప్టెన్ నెల రోజులు నాతోని మాట్లాడలే. మంచిగనే ఉండె ఆ నెల.

కొలువు నిలబడ్డది కని చెయ్యి? చెయ్యెవడు పడుతడు? అందుకని ఐతవారం నాడు కొత్తవాడకు, మా ఇన్ ఇంటికి పోయిన. ముందు గదిల మగ్గం, పక్కన వాళ్ళ చెల్లె రాట్నం ముందట కూసొని కండెలు చుడుతాంది. వాళ్ళమ్మ, "కూసో బిడ్డా" అని ఛాయ్ తెచ్చిచ్చింది. ఇన్ తల వంచుకొని కూసున్నడు. నేను మెల్లగ మాట ఎత్తిన, "అరేయ్, ఆరేండ్ల దోస్తుగాడు, ఒక్క అడుగు ఏస్తే గెలుస్తుంటిమి..."

అమ్మ అందుకున్నది, "ఎందుకేస్తడు బిడ్డా? నా పిల్ల నల్లగుందని, నచ్చలేదని చెప్పిచ్చిండట గదా ఆ కార్నరాయన. అసుంటోని మొఖం చూడాల్నా మావోడు?"

నాకు ఒక్కపాలి ఒళ్ళు మండింది. ఇన్ దిక్కు చూస్తే వాడు నేల చూస్తాండు. నిజం ఇంట్ల చెప్పనీకి సిగ్గయి, నింద పిల్ల మీద పెట్టిండన్నట్టు. "నల్లగుందనా? ఎవడన్నడు?" అన్న, ఆగలేకపోయిన. "ఆడోళ్ళ మీద మనసు పోనోడు, ఏ ఆడపిల్లనూ మోసం చేయనన్నడు. నీ చెల్లె గొంతు కోయనన్నడు. ఇంకేం అనలే!"

అనేసినంక నాలుక కరుసుకున్న. ఆ మాట నాది కాదు, నేను చెప్పాల్సింది కాదు. వాడు ఒక్కనికి చెప్పుకున్నడు, మేము ఊరికి చెప్తిమి.

రాట్నం ఆగింది. పిల్ల లేచి నిలబడ్డది. నాతోని కాదు, వాళ్ళ అన్నతోని మాట్లాడింది. "అన్నా, మూడు వారాలాయె. బయటికి పోవాలంటే అద్దం చూసుకొని ఏడుసుకుంట కూసున్న. ఎవ్వరు అడిగినా నచ్చలేదట అని అమ్మ చెప్తాంటే ఇన్న. ఆయన నన్ను చేసుకొని ముంచొచ్చు. ఎవ్వరు ఆపుతుండిరి? నిజం చెప్పి నన్ను బతికిచ్చిండు. నువ్వు అబద్ధం చెప్పి నన్ను చంపినవు. అసుంటాయన చెయ్యేనా నువ్వు ముట్టుకోనిది?"

అమ్మకు సగం అర్థమై సగం కాక, "ఏందే, ఏమంటాన్నవే" అంటాంది. పిల్ల మళ్ళ కూసొని రాట్నం తిప్పింది. దారం తెగింది, మళ్ళ ముడేసింది. ఛాయ్ తాగకుండనే లేచొచ్చిన నేను.

సోమారం పొద్దుగాల ప్రాక్టీస్‌కు ఇన్ అందరికన్న ముందు వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి. జట్టు నిలబడ్డంక, లెఫ్ట్ ఇన్‌ల నిలబడి, అందరి ముందట చెయ్యి సాపిండు. "బావా" అన్నడు.

మా కార్నర్ ఆ చెయ్యి దిక్కు చూసిండు. "జర ఆగు బావా. ఇప్పుడే రాదు నాకు" అన్నడు.

కోపంగ అనలే. దెబ్బ తాకిన కాలు నేల మీద పెట్టేముందు చూసుకుంటం చూడు, గట్ల అన్నడు. ఇన్ చెయ్యి ఎనుకకు తీసుకోలే. కూత అయ్యేదాక సాపే ఉంచిండు. మర్నాడు అదే. ఆ మర్నాడు అదే. రోజూ పొద్దుగాల చెయ్యి సాపుడు, వాడు ముట్టకుండ ఆడుడు. జట్టుల నవ్వేటోళ్ళు నవ్వుడు బందు పెట్టిన్రు. ఇద్దరు మాత్రం ఆట మానుకొని పోయిన్రు, పోనీ అన్న. రెండోవారం నడుమ ఒకనాడు, ఎవడో కూతకొస్తాంటే, చూసుకోకుండనే వీని చెయ్యి పోయి ఆ చెయ్యిని పట్టుకున్నది. ఇద్దరు కలిసి కూతోణ్ణి కింద పడేసి, మట్టిల పడి, మీద ఒకడు కింద ఒకడు, చిన్నపోరల లెక్క ఏడుసుకుంట నవ్విన్రు. నేను నిమ్మకాయ కోస్తున్న కత్తితోని ఏలు కోసుకున్న.

ఆ తర్వాత వాళ్ళు ఇంక ఎనిమిదేండ్లు ఆడిన్రు. వాడు పర్మనెంటయిండు. కాజీపేటల ఒక దోస్తుతోని ఇల్లు తీసుకొని ఉన్నడు. ఎవ్వరం అడగలే, వాడు చెప్పలే. ఇన్ చెల్లె పెండ్లిల వంటల కాడ నిలబడి అందరికి వడ్డిచ్చింది వాడే.

ఒకటే సంగతి మిగిలింది. ఆ చెయ్యి పట్టుకున్న దినం సాయంత్రం స్టోర్స్‌ల తాళాలేస్తాంటే వాణ్ణి అడిగిన. షాబాష్ అంటడేమో అన్న ఆశ ఉండె నాకు, దాసుడెందుకు. రిపోర్టు నా మీదేసుకున్న, మెమో తిన్న, కొత్తవాడ పోయిన. "తమ్మీ, వాళ్ళ మీద కోపం పోయింది కదా. నా మీద ఏమన్న ఉన్నదా?" అన్న.

వాడు ఆఖరి తాళమేసి, గుంజి చూసిండు.

"వాళ్ళు చెయ్యి ఇయ్యలే అన్నా. గది నాకు సమజైతది, భయపడ్డరు. నువ్వు నన్ను చెయ్యే అక్కర లేని జాగల నిలబెట్టినవు. సెంటర్ల ఒక్కణ్ణి నిలబడ్డప్పుడు మస్తు నొచ్చింది."

"మరేం చెయ్యమంటవురా?" అన్న, జర కోపమొచ్చింది నాకు. "నీ కొలువు కోసమే గదా నేను గన్ని తిప్పలు పడ్డది!"

"తిప్పలెందుకన్నా?" అన్నడు, తాళంచెవి నా చేతుల పెట్టుకుంట. "'చెయ్యి పట్టుండ్రి' అని ఒక్క మాట అంటే అయిపోతుండె. మేనేజర్‌వు గదా."

అన్ని దినాలల్ల ఆ ఒక్క మాట నేను ఎవ్వనితోని అనలే.